ముక్కు పొడుగు బండి, కాటా చీటీ

కంపెనీ బండి వదిలేసి సెకండ్ హ్యాండ్‌లో పీటర్‌బిల్ట్ 389 ట్రక్కు తీసుకున్నప్పుడు డాలస్‌లో మనవాళ్లంతా దాని ముందు నిలబడి ఫొటోలు దిగారు. "అన్నా, బండంటే ఇదీ!" అన్నారు. కాదనను. పొడుగాటి బానెట్, రెండు పక్కలా నిలువు సైలెన్సర్ గొట్టాలు, అందంలో దానికి సాటి లేదు. కానీ దాంతో కూరగాయల లోడు కాటా దాటించడం వేరే సంగతి.

ఇక్కడ అమెరికాలో ఇంటర్‌స్టేట్ హైవేల మీద బండి, ట్రైలర్, సరుకు అన్నీ కలిపి 80,000 పౌండ్లు దాటకూడదు. మన లెక్కలో 36 టన్నుల పైచిలుకు. అందులో డ్రైవ్ ఇరుసుల జత (ఇంజన్ తిప్పే వెనక ఇరుసులు) మీద 34,000, ట్రైలర్ జత మీద 34,000 పరిమితి. ముందు ఇరుసు మామూలుగా 12,000 మోస్తుంది. నేను ఇంతకుముందు తోలిన ఫ్రైట్‌లైనర్ కాస్కేడియా నిండు ట్యాంకులతో 18,500 తూగేది, ఇది 21,000 తూగింది. దీనికి 16,000 పౌండ్ల రీఫర్ (చల్లబెట్టే) ట్రైలర్ తగిలిస్తే సరుకుకు మిగిలేది 43,000.

ఆ తేడా అంతా బానెట్‌దే అనుకుంటారు. బానెట్ అల్యూమినియం, దాని బరువెంత? అసలు బరువంతా పొడుగు ఛాసిస్, పెద్ద స్లీపర్ (పడుకునే క్యాబిన్), మందపాటి స్టీలు బంపర్, పెద్ద డీజిల్ ట్యాంకులది. గ్యాలన్ డీజిల్ సుమారు 7 పౌండ్లు. అందుకే బరువు లోడుకు వెళ్లేముందు ట్యాంకులు నింపడం మానేశాను. వంద గ్యాలన్లు తగ్గిస్తే 700 పౌండ్లు మనకు మిగిలినట్టే.

మొదట్లో ఒకసారి కాలిఫోర్నియా సాలినాస్ వైపు లెట్యూస్ ఎత్తి, దగ్గర్లోని క్యాట్ స్కేల్ (ఇరుసుల బరువు విడివిడిగా చూపే కాటా) ఎక్కించాను. చీటీలో ముందు ఇరుసు 11,500, డ్రైవ్ 34,700, ట్రైలర్ 33,100. మొత్తం 79,300, అది బాగానే ఉంది. డ్రైవ్ మీద మాత్రం 700 ఎక్కువ. ముందు ఇరుసు మీద 500 ఖాళీ ఉంది కదా, అటు నెట్టొచ్చు కదా అనిపిస్తుంది. ఈ బండికి ముందు చక్రాలు ఇంజన్ కంటే ముందుకు, దాదాపు బంపర్ కిందే ఉంటాయి. వీల్‌బేస్ కూడా ఎక్కువ. ట్రైలర్ తగిలించే పళ్లెం, అదే ఫిఫ్త్ వీల్, ముందుకు జరిపినా ముందు ఇరుసు మీద పడేది కొంచెమే, పైగా ట్రైలర్ స్లీపర్‌కి దగ్గరైపోతుంది.

ఇక మిగిలింది ట్రైలర్ చక్రాలు జరపడమే. ట్రైలర్ బ్రేకులు వేసి, పక్కనున్న లీవర్ లాగితే, చక్రాల చట్రాన్ని ట్రైలర్ కింది పట్టాల రంధ్రాల్లో బిగించే పిన్నులు లోపలికి పోతాయి. ట్రాక్టర్‌ని, అంటే ముందున్న ఇంజన్ బండిని, మెల్లగా రివర్స్ చేస్తే చక్రాలు నిలబడిపోయి, ట్రైలర్ పెట్టె వాటి మీద వెనక్కి జారుతుంది, అంటే చక్రాలు ముందుకు జరిగినట్టే. ఎన్ని రంధ్రాలు దాటాయో తెలియడానికి పట్టాలకు సుద్దగీత గీసుకుంటాను. నా ట్రైలర్‌కి ఒక్కో రంధ్రానికి 400 పౌండ్ల చొప్పున బరువు డ్రైవ్ మీంచి వెనక్కి మారుతుంది. రెండు రంధ్రాలు జరిపి, లీవర్ వదిలి, పిన్నులు కూర్చున్నాయో లేదో బండిని ఒకసారి ముందుకు గుంజి చూశాను. రెండో చీటీలో డ్రైవ్ 33,920, ట్రైలర్ 33,880 వచ్చాయి. అప్పటిదాకా ఒకటే టెన్షన్, ఆ చీటీ చూశాకే టీ తాగాను.

కాలిఫోర్నియాలో ఇంకో మెలిక కూడా ఉంది. ట్రైలర్ కింగ్‌పిన్ (ఫిఫ్త్ వీల్‌లో దిగే ముందు పిన్ను) నుంచి చివరి ఇరుసు మధ్య దాకా 40 అడుగులు మించకూడదు. చక్రాలు ముందుకు జరిపితే అదీ సరిపోతుంది, మూల తిరిగేటప్పుడు ట్రైలర్ లోపలి వైపుకు తక్కువ కోసుకుంటుంది. కాకపోతే తోక బయటికి ఎక్కువ ఊగుతుంది, పక్క బండిని చూసుకోవాలి.

తిప్పడానికి వస్తే, నా బండి వీల్‌బేస్ 265 అంగుళాలు, అంటే 22 అడుగులు. కుడి మలుపులో కూడలి లోపలికి బాగా వెళ్లాకగానీ స్టీరింగ్ తిప్పకూడదు. కుడివైపు బానెట్ పక్కన చిన్న కారు నిలబడితే సీట్లోంచి కనపడదు, ఫెండర్ మీద అద్దమే దిక్కు. లాస్ ఏంజెలెస్‌లో పాత గోదాముల ఇరుకు వీధుల్లో డాక్‌కి (సరుకు దింపే అరుగుకి) పెట్టాలంటే, ట్రైలర్‌ని వంచాక ముక్కు తిరగడానికి ఎదురుగా చోటుండాలి. కాస్కేడియాతో రెండు విడతల్లో అయ్యే పని దీంతో నాలుగైదు విడతలు పడుతుంది. ఆదివారాలు ఖాళీ యార్డులో కోన్లు పెట్టుకుని సాధన చేశాను. డాక్ దగ్గర మాత్రం అనుమానం వస్తే దిగి చూస్తాను, వెనకాల హారన్లు కొట్టినా సరే.

అసలు ఇంత పొడుగు ముక్కు ఎందుకంటే, 1982లో వచ్చిన ఫెడరల్ చట్టం తర్వాత జాతీయ రహదారుల మీద ట్రైలర్ పొడవే లెక్క, ట్రాక్టర్‌ది కాదు. అంతకుముందు మొత్తం పొడవు కొలిచేవారు కాబట్టి చదును మూతి బండ్లు నడిచాయి. అవే ఇరుకు వీధులకు నయమని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

ఇప్పుడు బ్రోకర్ ఫోన్ చేస్తే రేటు కంటే ముందు బరువు అడుగుతాను. 44,000 అంటే ఎంత ఇస్తామన్నా వద్దంటాను. చిప్స్, టిష్యూ పేపర్ లాంటి తేలిక లోడ్లయితే ట్యాంకులు నిండా కొట్టించి బయల్దేరతాను.