జన్నారం అడవిలో జల్లెడైన టేకాకులు

అక్టోబరులో జన్నారం నుంచి కడెం వైపు వెళ్తుంటే రోడ్డు పక్కన టేకు చెట్లు మాడిపోయినట్టు గోధుమ రంగులో కనిపించాయి. ఆకురాలే కాలం వచ్చేసిందని కారులో వాళ్లు అనుకున్నారు. కానీ టేకు ఆకు రాల్చేది చలి ముదిరాక. వానలు వెనకబట్టగానే ఈ రంగు వచ్చిందంటే పురుగు పనే. బండి ఆపించాను.

ఈ అడవి ఉన్న కవ్వాల్‌ను 2012లో టైగర్ రిజర్వ్‌గా ప్రకటించారు కాబట్టి ఇక్కడికొచ్చే వాళ్ల కళ్లన్నీ పులి మీదే. నేను ఆకులు తిరగేస్తుంటే గైడ్ నవ్వాడు. "ఆకులల్ల ఏం జూస్తరు సార్, ఏటా ఇట్లనే పురుగు తింటది."

ఆకును వెలుతురుకు ఎత్తితే జల్లెడలా ఉంది. ఈనెలన్నీ ఉన్నాయి, మధ్యలో పచ్చదనం లేదు. టేకును తినే పురుగుల్లో పేరుమోసినవి రెండు, రెండూ గొంగళ్లే. హైబ్లియా ప్యూరా ఆకు అంచు కోసి, మడిచి, పట్టుదారంతో అతికించి ఆ మడతలో దాక్కుంటుంది. ముదిరాక లావు ఈనెలు తప్ప ఆకంతా తినేస్తుంది. తొలకరి దగ్గర, లేతాకు మీద దాని జోరు. రెండోది యూటెక్టోనా. ముదురాకు మీద పలచటి దారాల గూడు అల్లుకుని, ఈనెల మధ్య కండ మాత్రమే తింటుంది. ఆకు, నెల రెండూ దీన్నే పట్టిస్తున్నాయి.

అయినా ఆ గొంగళి పెద్దయ్యాక అయ్యే రెక్కల పురుగును చూస్తేనే నమ్మకం. రాత్రి గెస్ట్‌హౌస్ వరండాలో లైటు ముందు తెల్ల దుప్పటి కట్టాం. ముందు పేడపురుగులు, తర్వాత చెవుల్లో దూరే ఈసుళ్లు. చివరికి వచ్చి వాలింది: రెండు సెంటీమీటర్లకు కాస్త ఎక్కువ, పసుపు రెక్కల మీద ఎర్రటి వంకర గీతలు. హైబ్లియా అయితే ముందు రెక్కలు ఎండుటాకు రంగులో, వెనక రెక్కలు నల్లగా నారింజ పట్టీలతో ఉంటాయి. పొరబడే అవకాశమే లేదు. చిక్కల్లా ఇంటి చుట్టాలతోనే. మెకెరాలిస్, డమాస్టెసాలిస్ అనే రెండు దగ్గరి జాతులు పైకి దాదాపు ఒకేలా ఉంటాయి, తేల్చాలంటే పొట్ట చివరి భాగం కోసి మైక్రోస్కోపులో చూడాలి. పేరు కోసం ఆ ప్రాణం తీయడం ఇష్టం లేక నోట్‌బుక్‌లో యూటెక్టోనా అని మాత్రమే రాసుకున్నాను.

"మరి చెట్లు బతుకుతాయా?" అని మావాళ్లకు టెన్షన్. బతుకుతాయి. కేరళ అటవీ పరిశోధన సంస్థ నీలంబూరు లేత తోటల్లో లెక్కగట్టినప్పుడు హైబ్లియా వల్ల కలప పెరుగుదలలో 44 శాతం పోయింది. అడవిని ఇంత వికారంగా మార్చే ఈ పసుపు పురుగు వల్ల మాత్రం చెప్పుకోదగ్గ నష్టం కనిపించలేదు. ఇది దిగేసరికి ఆ ఏటి ఎదుగుదల చాలావరకు అయిపోయి ఉంటుంది.