చోడికి లీష్ అలవాటు చేసిన సంగతి

లీష్ (కుక్కని నడిపించే తాడు) తగిలించగానే కుక్కపిల్ల నాలుగు కాళ్లూ బిగబట్టి కదలకుండా కూర్చుంటే చుట్టుపక్కల వాళ్లు చెప్పే మాట ఒకటే. "మొండిది, ఒక్క లాగు లాగు, అదే వస్తుంది." ఈ మాట నేను అస్సలు ఒప్పుకోను. మూడు నెలల పిల్లకి మొండితనం ఎక్కడిది, దానికున్నది భయం. మొన్నటిదాకా తల్లి పొట్ట పక్కన తోబుట్టువుల మీద పడి నిద్రపోయిన ప్రాణికి మెడలో ఏదో కట్టి, ఆటోలూ బళ్లూ పోయే రోడ్డు మీదకి నడవమంటే కూర్చోక ఇంకేం చేస్తుంది? ఆ భయం తగ్గించే పని మనం చేస్తే నడవడం దానంతట అదే నేర్చుకుంటుంది. ఈ మధ్య తెలిసినవాళ్లలో చాలామంది కుక్కపిల్లల్ని తెచ్చుకుంటున్నారు, అందరిదీ ఇదే బాధ, అందుకే మా ఇంట్లో చేసింది చేసినట్టు రాస్తున్నాను.

మాది విజయనగరం. మా చోడి వీధికుక్క పిల్లే, ఇల్లు కడుతున్న చోట ఇసుకగుట్ట మీద పుట్టింది. ఒళ్లంతా చోడిపిండి రంగు (రాగుల్ని మా వైపు చోళ్లంటాం), అందుకని అమ్మ అలా పిలిచింది, అదే పేరైపోయింది. నేను చూసినంతవరకు మన దేశీ కుక్కలకి జాగ్రత్త ఎక్కువ. కొత్త వస్తువు కనిపిస్తే దూరంగా నిలబడి చూసి, వాసన చూసి, ఇంకోసారి చూసి గానీ దగ్గరికి రావు. వీధిలో వాటిని ఇన్నాళ్లూ బతికించింది ఆ గుణమే. అదే గుణం వల్ల లీష్‌తో కాస్త ఎక్కువ ఓపిక పట్టాలి, అంతే తేడా.

ముందు వయసు సంగతి. కుక్కపిల్ల కొత్తవాటిని పెద్దగా బెదరకుండా చూసి అలవాటు పడే కాలం సుమారు 3 వారాల వయసు నుంచి 14 వారాల వరకు. సరిగ్గా అదే సమయంలో టీకాలు కూడా నడుస్తుంటాయి. 6 నుంచి 8 వారాల మధ్య మొదటిది, ఆ తర్వాత 3, 4 వారాలకోసారి, 16 వారాలు వచ్చేదాకా. రేబిస్ టీకా 3 నెలలకి. ఇవి పూర్తి కాకుండా పది కుక్కలు తిరిగే మట్టిలో దింపితే పార్వో (కుక్కపిల్లల ప్రాణం తీసే వాంతులు, విరేచనాల జబ్బు) పట్టుకుంటుందని భయం, ఆ వైరస్ మట్టిలో నెలల తరబడి ఉండిపోతుంది. అలాగని 16 వారాలూ ఇంట్లోనే దాచేస్తే ఆ తర్వాత ప్రతి శబ్దానికీ వణికే కుక్క తయారవుతుంది. దీనికి ఉన్న దారి ఎత్తుకుని తిప్పడమే. నేను చోడిని పాత తువ్వాలులో చుట్టి సాయంత్రాలు పెద్దచెరువు గట్టు దాకా తీసుకెళ్లేదాన్ని, ఒక్కోసారి గంటస్తంభం దగ్గర ఓ పక్కగా నిలబడేదాన్ని. ఆటో హారను, పూలమ్మే వాళ్ల కేకలు, అడ్డంగా నిలబడ్డ ఆవులు, బస్సు బ్రేకు వేసినప్పుడు వచ్చే ఆ పెద్ద బుస్సుమనే శబ్దం, అన్నీ నా చేతుల్లో ఉండి చూసింది. మొదట్లో తల నా మోచేతి సందులో దూర్చేసేది. తర్వాత్తర్వాత చెవులు నిక్కబొడుచుకుని చూడటం మొదలుపెట్టింది. ఎత్తుకున్నప్పుడే బస్సుకి బెదిరిపోతుంటే, అప్పుడే దాని పక్కన నడవమని అడగడం న్యాయం కాదు కదా.

ఏం కొనాలి అని అందరూ అడుగుతారు. గొలుసు వద్దు. లాగితే బిగుసుకునే రకం అసలే వద్దు, కుక్కపిల్లల గొంతు గొట్టం చాలా మెత్తగా ఉంటుంది. మెడకి పేరూ ఫోన్ నంబరూ ఉన్న పలచటి బెల్టు ఉంచి, లీష్ మాత్రం ఛాతీకి వేసే హార్నెస్‌కి తగిలించండి. బెల్టుకీ ఒంటికీ మధ్య మన రెండు వేళ్లు పట్టాలి, అంతకంటే వదులైతే పిల్ల భయపడి వెనక్కి నక్కినప్పుడు బెల్టు తల మీంచి ఊడి వచ్చేస్తుంది. పెరిగే పిల్ల కాబట్టి వారం వారం చూసుకుంటూ ఉండాలి. లీష్ ఐదారు అడుగుల గుడ్డదో నైలానుదో చాలు. బటన్ నొక్కితే సాగే రకం నేర్చుకునే పిల్లకి పనికిరాదు, అది ఎప్పుడూ కాస్త లాగుతూనే ఉంటుంది.

ఇంట్లో మొదలుపెట్టినప్పుడు అసలు లీషే వాడలేదు. అమ్మ పాత లంగా బొందు ఒకటి తీసి హార్నెస్‌కి కట్టి, హాల్లో వదిలేశాం. లీష్‌కి ఉండే ఇనుప కొక్కెం మనకి తేలికే, రెండు మూడు కిలోల పిల్లకి అది బరువు, పైగా నడిస్తే గచ్చు మీద టకటకమంటుంది. బొందుకి బరువూ లేదు, శబ్దమూ లేదు. అన్నం తినేటప్పుడు కట్టడం, తినడం అయ్యాక తీసేయడం. మంచం కోడుకో కుర్చీకో చుట్టుకోకుండా ఎవరో ఒకరు పక్కనే ఉండాలి, ఒంటరిగా మాత్రం వదలకూడదు. అది పట్టించుకోవడం మానేశాక కొక్కెం అలవాటు చేశాను. హార్నెస్ కింద పెట్టి, కొక్కెం తెరిచి 'టిక్' అనిపించి, వెంటనే ఉడికించిన గుడ్డు ముక్క. మళ్లీ టిక్, మళ్లీ ముక్క. కొన్నాళ్లకి ఆ టిక్కు వినబడితే చాలు, వంటింట్లో ఎక్కడున్నా పరుగెత్తుకొచ్చి హార్నెస్ ముందు కూర్చునేది. గుడ్డు, ఉప్పూ మసాలా లేకుండా ఉడికించిన చికెన్, వేయించిన వేరుశనగ పలుకులు, ఇవి చాలు. చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్, ఉల్లిపాయ మాత్రం కుక్కలకి విషం, ముద్దుకి కూడా పెట్టకండి.

ఇప్పుడు గేటు దగ్గరికి వద్దాం, అసలు కథంతా అక్కడే. పెరట్లో లీష్‌తో చక్కగా తిరిగిన చోడి గేటు దాటి సిమెంటు రోడ్డు మీద అడుగు పెట్టగానే బిగుసుకుపోయింది. ముందు కాలు ఒకటి గాలిలోనే ఆగిపోయింది. చెవులు వెనక్కి వాలాయి, తోక కాళ్ల సందులోకి పోయింది, నాలుకతో ముక్కు నాక్కుంటోంది, నిద్ర లేకపోయినా ఆవలిస్తోంది. ఇవన్నీ భయానికి గుర్తులే. ముక్కు ముందు చికెన్ పెట్టినా తినలేదు. ఇది చాలా ముఖ్యం, గుర్తుపెట్టుకోండి. ఇష్టమైన తిండి కూడా ముట్టడం లేదంటే ఆ పిల్ల నేర్చుకునే స్థితిలో లేదు. అప్పుడు ఇంకో అడుగు ముందుకి కాదు, నాలుగు అడుగులు వెనక్కి, తనకి బాగుందనిపించే చోటికి రావాలి.

నేను రోడ్డు మీద గొంతుక్కూర్చుని, దానివైపు సూటిగా చూడకుండా పక్కకి తిరిగి, లీష్ వదులుగా పట్టుకుని ఊరికే ఉన్నాను. ఎదురింటి మామ్మగారు అరుగు మీంచి చూసి, "ఏటమ్మా, కుక్కపిల్లకి అంత బతిమాలడవేటి? ఒక్క లాగు లాగితే అదే వత్తాది కదా!" అన్నారు. "రానీండి మామ్మగారూ, తొందరేం ఉంది" అన్నాను. ఆవిడ మంచికే అన్నారు, వాళ్ల కాలంలో కుక్కని గొలుసుతో కట్టేయడమే గానీ నడిపించడమన్నది లేదు. కాసేపటికి చోడి మెడ సాచి, మురికికాలవ మీద పరిచిన పలక వాసన చూసింది. ఇంకో అడుగు వేసి కరెంటు స్తంభం మొదలు వాసన చూసింది. ఆ అడుగు పడిన క్షణంలోనే "భేష్!" అని ముక్క ఇచ్చాను. ఆ పూటకి అంతే, లోపలికి వచ్చేశాం.

లాగితే ఏమవుతుందంటే, కుక్కని ముందుకి లాగితే దాని ఒళ్లు వెనక్కి బిగుస్తుంది. అది ఆలోచించి చేసేది కాదు, ఒంటి స్వభావం. మనల్ని ఎవరైనా చెయ్యి పట్టి గుంజితే మనమూ కాళ్లు నిలదొక్కుకుంటాం కదా, అలాగే. కాబట్టి ఎంత లాగితే అంత గట్టిగా కూర్చుంటుంది, పైగా లీష్ అంటే గొంతు నొక్కేది అని మనసులో పడిపోతుంది. చేయాల్సింది దీనికి తిరగేసి. లీష్ బిగిసిందా, మీరు ఆగిపోండి. లాగొద్దు, అలాగని పట్టు వదిలేయనూ వద్దు. పిల్ల మీ వైపు ఒక్క అడుగు వేసినా, మీ మొహం వైపు చూసినా లీష్ వదులవుతుంది, ఆ వదులైన క్షణంలో మెచ్చుకోండి, ముక్క ఇవ్వండి. ముక్క ఎప్పుడూ మీ కాలి పక్కనే ఇవ్వండి, మొహానికి ఎదురుగా చాపి ఎర చూపిస్తూ పోవద్దు. ఎర చూపిస్తే అది తిండి వెనకాల వస్తుందే గానీ భయం మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

ఇంకొకటుంది, మాకు అన్నిటికంటే బాగా పనిచేసింది ఇదే. బయటికి నడవమంటే మొరాయించే పిల్లలన్నీ ఇంటివైపు మాత్రం హుషారుగా నడుస్తాయి. అందుకని చోడిని ఎత్తుకుని వీధిలో నాలుగు ఇళ్ల అవతలకి తీసుకెళ్లి దింపి, ఇంటివైపు నడిపించేదాన్ని. తోక ఊపుకుంటూ, లీష్ సంగతే మర్చిపోయి వచ్చేసేది. కొంచెం కొంచెంగా దూరం పెంచాను. తెలిసిన దారి పొడవయ్యేకొద్దీ భయం తగ్గింది, తర్వాత ఎత్తుకోవాల్సిన పనే లేకపోయింది.

రోజూ నడిచే పిల్ల ఉన్నట్టుండి కూర్చుందంటే మాత్రం ముందు ఒళ్లు చూడండి. అరికాళ్లలో పల్లేరుకాయ ముల్లు, వేళ్ల సందుల్లో గోమార్లు, చంకల్లో హార్నెస్ ఒరుసుకుని ఎర్రబడటం, వీటిలో ఏదో ఒకటి ఉంటుంది. కుంటుతుంటే డాక్టరుకి చూపించాలి, నడక కాదు. ఎండ సంగతి వేరే చెప్పాలా, మన ఊళ్లో ఏప్రిల్, మే నెలల్లో పొద్దున్న ఎనిమిదికే సిమెంటు రోడ్డు కాలిపోతుంది. అరచెయ్యి వెనక భాగం రోడ్డు మీద ఆనించి 7 సెకన్లు ఉంచలేకపోతే పిల్ల కాళ్లకీ అది పనికిరాదు. తెల్లారగట్ట గానీ, పొద్దుగూకాక రోడ్డు చల్లబడ్డాక గానీ తీసుకెళ్లండి.

వీధి కుక్కల విషయంలో అందరికీ టెన్షనే. మా వీధికి ఒక జట్టు, పక్క వీధికి ఇంకో జట్టు, వాటి సరిహద్దులు మనకంటే వాటికే బాగా తెలుసు. నేను ముందు ఒక్కదాన్నే వెళ్లి మా వీధి కుక్కలకి బిస్కెట్లు వేసి మచ్చిక చేసుకున్నాను, తర్వాతే చోడిని తీసుకెళ్లాను. అవతల వీధి కుక్క ఎదురొస్తే పరిగెత్తొద్దు, అరవొద్దు, లీష్ బిగించొద్దు. లీష్ బిగిస్తే మన కంగారంతా పిల్లకి తెలిసిపోతుంది. మధ్యలో మీరు నిలబడి, గుప్పెడు బిస్కెట్లు ఆ కుక్క వెనక్కి పడేలా విసిరి, మెల్లగా వెనక్కి తిరిగి వచ్చేయండి. ఏ కుక్క పన్ను తగిలినా, చిన్న గీత అయినా సరే, సబ్బూ నీళ్లతో 15 నిమిషాలు కడిగి ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. ఇందులో మొహమాటం వద్దు.

పైడితల్లి అమ్మవారి పండగ రోజుల్లో పిల్లని బయటికి తీయకండి. దసరా తర్వాత వచ్చే మంగళవారం సిరిమానోత్సవం, ముందురోజు రాత్రి తొలేళ్లు, ఆ జనం, ఆ డప్పులు మనకి సంబరం గానీ నాలుగు నెలల పిల్ల తట్టుకోలేదు. దీపావళికీ అంతే. మనం గరిష్ఠంగా 20,000 హెర్ట్జ్ దాకా వింటే కుక్క సుమారు 45,000 దాకా వింటుంది, మనకి వినబడనివి కూడా దానికి వినబడుతున్నాయని గుర్తుంచుకోవాలి. ఒక్క టపాకాయకి బెదిరి హార్నెస్‌లోంచి జారి పారిపోయే పిల్లలు ఎన్నో. ఆ రోజుల్లో డాబా మీదో వరండాలోనో అటూ ఇటూ తిప్పితే సరిపోతుంది.

ఇంట్లో అందరూ ఒకేలా నడిపించాలి, ఇది మాత్రం గట్టిగా చెప్తున్నాను. నేను ఆగడం, తమ్ముడు గుంజుకుపోవడం అయితే పిల్లకి ఏమీ అర్థం కాదు. అందుకే వాడితో ఒకటే అన్నాను, "నీకు తొందరగా ఉన్న రోజు దాన్ని తీసుకెళ్లకురా." నాన్న మాత్రం నాకంటే ఓపికమంతుడు. చోడి ఒక్కో గడ్డిపోచా వాసన చూస్తుంటే పక్కనే నిలబడి దారిన పోయేవాళ్లతో కబుర్లు చెప్తారు. వాసన చూడనివ్వండి, కుక్కకి నడక అంటే సగం అదే. ఎంత దూరం పోయామన్నది దానికి లెక్క కాదు.

నాలుగో నెల నుంచి పళ్లు మారేటప్పుడు లీష్ కొరకడం మొదలవుతుంది. కొరికేస్తోందని చాలామంది అప్పుడు గొలుసు కొంటారు. కొనకండి, పన్ను విరుగుతుంది. బయల్దేరే ముందు పాత గుడ్డ తడిపి ముడివేసి ఫ్రిజ్‌లో పెట్టింది కాసేపు నమలనివ్వండి, దారిలో కొరకబోతే ఆగిపోయి, వదిలేశాక మళ్లీ నడవండి. లీష్ మీద పోగులు లేచాయేమో రోజూ చేత్తో తడిమి చూసుకోండి. పోగులు లేచిన లీష్ ఇంట్లో ఆటకి పనికొస్తుందేమో గానీ రోడ్డు మీదకి తీసుకెళ్లకండి, ఎదురుగా లారీ వచ్చినప్పుడే తెగుతుంది.