సీడీఎల్ టెస్ట్‌కి ట్రక్ దొరకబుచ్చుకోవడం – నా అనుభవం

సీడీఎల్ అంటే అమెరికాలో పెద్ద వాహనాలు నడపడానికి ఇచ్చే కమర్షియల్ లైసెన్స్, అందులో క్లాస్ ఏ పెద్ద ట్రెయిలర్ లాగే ట్రక్కులకి. దానికి ప్రిపేర్ అవుతున్నవాళ్లు ఎక్కువగా రాత పరీక్ష గురించే అడుగుతుంటారు, ఏ యాప్ మంచిది, ఎన్ని రోజులు చదవాలి, ఏ ప్రశ్నలు మళ్లీ మళ్లీ వస్తాయి అని. రాష్ట్రం ఇచ్చే సీడీఎల్ పుస్తకం, అదే మాన్యువల్, రెండుసార్లు శ్రద్ధగా చదివితే పాసవడానికి కావలసిన 80 శాతం వచ్చేస్తుంది, దాని గురించి ఇంతకంటే చెప్పేదేం లేదు. నన్ను నెలల తరబడి ఆపింది ట్రక్. స్కిల్స్ టెస్ట్‌కి, అంటే బండి నడిపి చూపించే పరీక్షకి, వాహనం మనమే తీసుకెళ్లాలి, టెస్ట్ పెట్టేవాళ్లు ఇవ్వరు. ఈ సంగతి నాకు తెలుసు, కానీ దొరకడం ఇంత కష్టమని తెలియదు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

నేను ఉండేది టెక్సాస్‌లో. ఇక్కడ రాసేవి దాదాపు అన్నీ ఫెడరల్ రూల్సే కాబట్టి అమెరికాలో ఎక్కడున్నా పనికొస్తాయి, అయినా మీ రాష్ట్రం మాన్యువల్ ఒకసారి చూసుకోండి. లెర్నర్ పర్మిట్ వచ్చాక కనీసం 14 రోజులు ఆగితేనే స్కిల్స్ టెస్ట్‌కి వెళ్లనిస్తారు. 2022 ఫిబ్రవరి 7 నుంచి ఈఎల్‌డీటీ (కొత్త డ్రైవర్లకి ఇచ్చే ట్రైనింగ్) కూడా తప్పనిసరి, అంటే ఫెడరల్ రిజిస్ట్రీలో పేరున్న ట్రైనర్ దగ్గరే థియరీ, డ్రైవింగ్ రెండూ పూర్తిచేయాలి, వాళ్లు పూర్తయిందని ఆన్‌లైన్లో ఎక్కించాలి. ఇన్ని గంటలు నడపాలని లెక్కేమీ లేదు, నువ్వు నడపగలవని ఇన్‌స్ట్రక్టర్‌కి నమ్మకం కుదరాలి, అంతే. నేను థియరీ ఆన్‌లైన్లో చేసి, డ్రైవింగ్ ఒక చిన్న స్కూల్లో చేశాను.

నా పొరపాటు అక్కడే జరిగింది. ఫీజు కట్టేముందు టెస్ట్ రోజు ట్రక్ ఇస్తారా అని అడగలేదు. నేర్పిన ట్రక్కే టెస్ట్‌కీ వస్తుంది కదా అనుకున్నాను. ట్రైనింగ్ పూర్తయ్యి, సర్టిఫికెట్ ఎక్కించేశాక అడిగితే, టెస్ట్‌కి ట్రక్ ఫుల్ ప్యాకేజీ వాళ్లకే, మిగతావాళ్లు సొంతంగా చూసుకోవాలన్నారు. కాగితం తీసి చూస్తే నిజమే, అందులో టెస్ట్ ఊసే లేదు. మీరు ఏ స్కూల్లో చేరినా డబ్బు కట్టేముందు ఈ ప్రశ్నలు అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి: టెస్ట్ రోజు ట్రక్ ఫీజులోనే ఉందా, ఫెయిలైతే రెండోసారికి ఎంత తీసుకుంటారు, నేర్చుకున్న ట్రక్కే ఇస్తారా, దాని గేర్లు మాన్యువలా ఆటోమేటిక్కా.

తర్వాత అద్దె కంపెనీలకి వరసగా ఫోన్లు చేశాను. నాలుగు చోట్లా ఒకటే మాట, పర్మిట్ మీద ఉన్నవాళ్లకి ఇవ్వం, లైసెన్స్ టెస్ట్‌కైతే అసలే ఇవ్వం. ఇళ్లు మారేటప్పుడు తీసుకునే 26 అడుగుల ట్రక్ తీసుకెళ్తే సరిపోదా అని నన్ను చాలామంది అడిగారు. సరిపోదు. మామూలు లైసెన్స్‌తో నడిపేందుకు వీలుగా వాటి రేటింగ్ 26,000 పౌండ్లు దాటకుండా పెడతారు, సీడీఎల్ మొదలయ్యేదే 26,001 నుంచి. పెద్ద ట్రెయిలర్ లేని ట్రక్కులకి ఇచ్చే క్లాస్ బీ కి కూడా అది పనికిరాదు. డ్రైవర్ డోర్ తీస్తే పక్కన ఫ్రేమ్ మీద స్టిక్కర్ ఉంటుంది, జీవీడబ్ల్యూఆర్ అని, అంటే సరుకుతో సహా ఆ బండి ఉండదగిన గరిష్ఠ బరువు. ట్రక్ ఎంత పెద్దగా కనిపించినా ఆ అంకె చూశాకే మాట్లాడండి.

మధ్యలో నాకు ఇంకో ఉపాయం తట్టింది. తెలిసినవాళ్లకి పెద్ద పికప్, దాని వెనక గూస్‌నెక్ ట్రెయిలర్ (పికప్ తొట్టిలో తగిలించేది) ఉన్నాయి. పికప్ 14,000, ట్రెయిలర్ 14,000, మొత్తం 28,000 పౌండ్లు. క్లాస్ ఏ కి రెండూ కలిపి కనీసం 26,001 ఉండాలి, వెనక లాగేది ఒక్కటే 10,000 దాటాలి. లెక్క కుదిరింది, చాలా సంతోషపడ్డాను. కానీ ఏ వాహనంతో టెస్ట్ ఇస్తామో లైసెన్స్ మీద దాని ముద్ర పడుతుంది. గేర్లు ఆటోమేటిక్ అయితే 'ఈ' (E) అనే అక్షరం వేస్తారు, మాన్యువల్ నడపకూడదు. ఎయిర్ బ్రేకులు (గాలి ఒత్తిడితో పనిచేసేవి) లేకపోతే 'ఎల్' (L). ట్రెయిలర్ తగిలించేది ఫిఫ్త్ వీల్ (సెమీ ట్రక్ వెనక ఉండే గుండ్రటి పళ్లెం లాంటి కొక్కెం) కాకపోతే 'ఓ' (O). ఆ పికప్‌తో వెళ్లి ఉంటే నా లైసెన్స్ మీద మూడూ పడేవి, పేరుకి క్లాస్ ఏ చేతిలో ఉన్నా సెమీ ట్రక్ ముట్టుకోవడానికి వీల్లేదు. సొంత వ్యాపారానికి గూస్‌నెక్ లాగేవాళ్లకి ఇది చక్కని దారే, కంపెనీలో ఉద్యోగం కావాలనుకునేవాళ్లు మాత్రం దీని జోలికి వెళ్లొద్దు. మూడింట్లో 'ఈ' (E) గురించి మాత్రం పెద్దగా భయపడక్కర్లేదని నా అభిప్రాయం, ఇప్పుడు చాలా కంపెనీల్లో ఆటోమేటిక్ ట్రక్కులే నడుస్తున్నాయి. ఎల్, ఓ మాత్రం వద్దు.

చివరికి సొంత ట్రక్ నడిపే ఒక అన్న ఒప్పుకున్నాడు. దగ్గరివాడు కాబట్టి ఒప్పుకున్నాడు గానీ, ట్రక్ ఒకరోజు ఆగితే ఆ రోజు రాబడి పోయినట్టే, అలాంటివాళ్లని అడిగేటప్పుడు ఆ రోజు డబ్బు ఇస్తామని మనమే ముందు చెప్పాలి. "తమ్ముడూ, బండి ఇవ్వడానికి నాకేం లేదు, ఇన్సూరెన్స్ వాళ్లని అడగాలి" అన్నాడు. పాలసీలో పేరున్న డ్రైవర్లకే కవరేజ్. ఏజెంట్‌కి నా పర్మిట్, మెడికల్ కార్డు, డ్రైవింగ్ రికార్డు పంపి, వాళ్లు సరేనని మెయిల్ పెట్టేసరికి రెండు వారాలు పట్టింది. ఇంకో విషయం, పర్మిట్ మీద ఉన్నప్పుడు అదే క్లాస్ సీడీఎల్ ఉన్న మనిషి పక్క సీట్లో ఉండాలి. కాబట్టి ట్రక్‌తో పాటు ఒక మనిషి కూడా ఆ రోజంతా మనకోసం రావాలి.

టెస్ట్ రోజు పొద్దున్నే వెళ్లాం. రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్, వార్షిక ఇన్‌స్పెక్షన్ కాగితాలు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఎగ్జామినర్ ట్రెయిలర్ వెనక నిలబడి బ్రేక్ నొక్కమన్నాడు. నొక్కాను. ఎడమవైపు స్టాప్ లైట్ వెలగలేదు. మళ్లీ నొక్కమన్నాడు, మళ్లీ అంతే. అన్న కిందికి దిగి క్యాబ్ వెనక ఉన్న కరెంటు కేబుల్ ప్లగ్, అదే పిగ్‌టెయిల్ ఊడదీసి చూస్తే లోపల పిన్నుల మీద పచ్చగా చిలుము పట్టి ఉంది. గోటితో గీకి, ఊది, మళ్లీ పెట్టాడు. లైట్ ఒక్కక్షణం మిణుకుమని ఆగిపోయింది. సరైన లైట్లు లేని వాహనంతో టెస్ట్ పెట్టరు, అందులో ఎగ్జామినర్ తప్పేమీ లేదు. డేట్ పోయింది, అన్నకి రోజు పోయింది. ముందురోజు సాయంత్రం లైట్లు చూశాం, కానీ నేను క్యాబ్‌లో, ఆయన ముందుభాగం దగ్గర ఉన్నాం, బ్రేక్ నొక్కినప్పుడు వెనక చూసే మూడో మనిషి లేడు. ఆయన నన్ను ఒక్కమాట అనలేదు, నాకే తిరుగు ప్రయాణమంతా నోట మాట రాలేదు.

మళ్లీ ఆయన్ని అడగడానికి మనసొప్పలేదు. ఈసారి ట్రైనింగ్ ఇవ్వకుండా ట్రక్ మాత్రమే టెస్ట్‌కి ఇచ్చే స్కూల్ కోసం వెతికాను. అలాంటివి ఉన్నాయి, బయటికి పెద్దగా చెప్పుకోరు అంతే. ఫోన్‌లో "ట్రైనింగ్ ఎంత" అని అడగకుండా "నాకు ఈఎల్‌డీటీ అయిపోయింది, టెస్ట్ రోజుకి ట్రక్, ఇన్‌స్ట్రక్టర్ కావాలి, అంతకుముందు రెండు గంటలు ప్రాక్టీస్ కావాలి" అని సూటిగా అడగండి. పదకొండో ఫోన్‌కి ఒకచోట సరే అన్నారు.

ఆ రెండు గంటల ప్రాక్టీస్ మాత్రం వదులుకోవద్దు, డబ్బుకి చూసుకోవద్దు. ఒక్కో ట్రక్‌లో క్లచ్ ఒక్కో దగ్గర పట్టుకుంటుంది, అద్దాల్లో ట్రెయిలర్ చక్రాలు వేరేగా కనిపిస్తాయి, ఆఫ్‌సెట్ బ్యాకింగ్‌లో (వెనక్కి నడుపుతూ పక్క వరసలోకి చేర్చడం) ఎక్కడ స్టీరింగ్ తిప్పాలో పాత ట్రక్‌లో పెట్టుకున్న గుర్తులు కొత్తదాంట్లో పనిచేయవు. నేను మొదటి గంటంతా కోన్లు గుద్దుతూనే ఉన్నాను. రెండో గంటలో కుదురుకుంది.

ఇక ఎయిర్ బ్రేక్ చెక్. ఇది మాటలతో సహా నోటికి వచ్చి ఉండాలి, ఇందులో తప్పితే మిగతాది ఎంత బాగా చేసినా లాభం లేదు. గాలి పూర్తిగా నిండాక ఇంజిన్ ఆపి, కీ ఆన్‌లో పెట్టి, పసుపు నాబ్ (పార్కింగ్ బ్రేక్), ఎర్ర నాబ్ (ట్రెయిలర్‌కి గాలి) రెండూ లోపలికి నొక్కి, బ్రేక్ పెడల్ ఒక నిమిషం గట్టిగా తొక్కి పట్టుకోవాలి. ట్రెయిలర్ ఉన్న ట్రక్‌కి ఆ నిమిషంలో గాలి ఒత్తిడి 4 పీఎస్ఐ కంటే ఎక్కువ పడకూడదు, ట్రెయిలర్ లేకపోతే 3. తర్వాత పెడల్ తొక్కుతూ వదులుతూ గాలి దించుతుంటే 55 కి వచ్చేలోపే బజర్ మోగాలి, ఇంకా దించితే 20 నుంచి 45 మధ్యలో నాబ్‌లు వాటంతటవే బయటికి తన్నుకురావాలి. ప్రతి అడుగూ చేస్తూనే పైకి చెప్పండి, మనసులో అనుకుంటే ఎగ్జామినర్‌కి ఎలా తెలుస్తుంది. టెన్షన్‌లో నిమిషం చాలా పొడుగ్గా అనిపిస్తుంది, నేను గడియారం చూసుకుంటూ లెక్కపెట్టాను.

రెండోసారి పాసయ్యాను, లైసెన్స్ మీద ఒక్క అక్షరం కూడా పడలేదు. యార్డ్‌కి తిరిగొచ్చేసరికి అదే ట్రక్ మీద మర్నాడు టెస్ట్ ఉన్న కుర్రాడు ఫోల్డర్ పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. లైట్లు చూసుకున్నావా అని అడిగాను, ఇంకా లేదన్నాడు. క్యాబ్ ఎక్కి బ్రేక్ నొక్కమని చెప్పి నేను ట్రెయిలర్ వెనక్కి వెళ్లి నిలబడ్డాను. ఎడమవైపు వెలిగింది, కుడివైపు వెలిగింది, రెండూ వెలుగుతున్నాయని అతనికి వినిపించేలా అరిచి చెప్పాను.