ఆఫ్ నొక్కినా ఆరని కంప్యూటర్: నా అనుభవం

మా ఇంట్లో కంప్యూటర్ ఆన్ కావడానికి ఎప్పుడూ పేచీ పెట్టలేదు. ఆఫ్ కావడమే పెద్ద తతంగం. షట్ డౌన్ నొక్కితే తెర మీద చుక్కలు గుండ్రంగా తిరుగుతూనే ఉంటాయి. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి చూస్తే దగ్గర దగ్గర మూడు నిమిషాలు. నొక్కేసి లేచి వెళ్లిపోతే అదే ఆరుతుంది కదా అంటారేమో, మామూలు రోజుల్లో మేమూ అదే చేసేవాళ్లం. చిక్కంతా కరెంటు పోయినప్పుడే.

తిరుపతిలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు. గాలి కాస్త గట్టిగా వీచిందంటే మా వీధిలో కరెంటు ఉండదు. కంప్యూటర్ కింద 600 వీఏ యూపీఎస్ ఒకటి ఉంది, దాని బ్యాటరీ ముసలిదైపోయింది. కరెంటు పోగానే కీచుకీచుమని అరుస్తూ రెండు నిమిషాలు లాగితే గొప్ప. సిస్టమ్ ఆరడానికేమో మూడు నిమిషాలు. లెక్క తేలిపోయింది కదా. షట్ డౌన్ నడుస్తుండగానే యూపీఎస్ చేతులెత్తేసేది. మళ్లీ ఆన్ చేస్తే ఒక్కోసారి డిస్క్ చెకింగ్ మొదలయ్యేది. విండోస్ తనలో జరిగినవన్నీ రాసుకునే చిట్టాను చూపించే ఈవెంట్ వ్యూయర్ తెరిస్తే 6008 నంబరుతో ఎర్రగా ఒక వరుస ఉండేది. అంటే, అంతకు ముందు సిస్టమ్ పద్ధతి ప్రకారం ఆరలేదని.

ఆ కంప్యూటర్‌ను ఎక్కువగా వాడేది మా నాయన. రిటైరైన తెలుగు టీచర్. అను అనే పాత తెలుగు ఫాంట్లలో ఏవేవో వ్యాసాలు టైప్ చేసుకుంటుంటాడు. ఇంకో పని కూడా ఉంది. తిరుపతిలో ఇల్లుందంటే బంధువుల దర్శనం టికెట్లు మన నెత్తినే కదా! 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు విడుదలైన రోజు మా హాలు బుకింగ్ కౌంటర్ అయిపోతుంది. అందరి ఆధార్ నంబర్లూ ఒక ఎక్సెల్ ఫైల్లో. టికెట్ల ప్రింట్లు కూడా ఇక్కడే. ఆ ఎక్సెల్ ఫైలు ఒకసారి ఇట్లాగే సగంలో కరెంటు పోయి తెరుచుకోకుండా మొండికేసింది. "ఏంరా, ఆఫ్ చెయ్యడానికి కూడా ముహూర్తం చూసుకోవాల్నా దీనికి?" అన్నాడు నాయన. అప్పుడు పట్టించుకోక తప్పలేదు.

ముందు సర్వీస్ షాపు కుర్రాణ్ణి అడిగాను. వివరం పూర్తిగా వినకుండానే తీర్పు చెప్పేశాడు. "ఫార్మాట్ కొట్టేద్దాం లేన్నా, అంతా సెట్ అయిపోతాది."

"ఎందుకు లేట్ అవుతోందో చూడవా?"

"దాన్ని ఎతుక్కుంటా కూర్చునే టైమ్ ఎవరికుందన్నా? ఫార్మాట్ కొట్టి ఎస్ఎస్‌డీ వేస్తే జింక మాదిరి పరిగెడతాది."

ఎస్ఎస్‌డీ అంటే హార్డ్ డిస్క్ కన్నా వేగంగా పనిచేసే డిస్క్. అతను చెప్పింది తప్పని అనను. ఫార్మాట్ కొడితే మా సమస్య పోయే ఉండేది. కానీ నాయన ఫాంట్లు, కీబోర్డ్ లేఔట్, ప్రింటర్ లాంటివి నడిపించే డ్రైవర్లు అన్నీ మళ్లీ ఎక్కించడం నా తలనొప్పి, షాపువాళ్లది కాదు. పైగా కారణం తెలియకుండా ఫార్మాట్ కొడితే, మళ్లీ అదే సాఫ్ట్‌వేర్ ఎక్కించుకుని అదే జబ్బు తెచ్చుకునే అవకాశం ఎటూ ఉంటుంది. అందుకే ఇంట్లోనే చూద్దామని కూర్చున్నాను.

ఇలాంటి సమస్యకు యూట్యూబ్‌లో ఎవరిని అడిగినా మొదట చెప్పేది ఫాస్ట్ స్టార్టప్ తీసేయమని. విండోస్ 8 నుంచి వచ్చిన ఏర్పాటు అది. షట్ డౌన్ నొక్కినప్పుడు సిస్టమ్ పూర్తిగా ఆరదు. విండోస్ గుండెకాయ లాంటి కెర్నల్ ఉన్న స్థితిని హార్డ్ డిస్క్ మీద ఒక ఫైలుగా దాచి ఆరుతుంది, మళ్లీ ఆన్ చేసినప్పుడు దాన్నే ఎత్తుకుని తొందరగా లేస్తుంది. రీస్టార్ట్ మాత్రం ఎప్పుడూ పూర్తిగా ఆరి లేవడమే. షిఫ్ట్ కీ పట్టుకుని షట్ డౌన్ నొక్కినా పూర్తిగానే ఆరుతుంది. కాబట్టి మూడింటికీ పట్టే సమయం పోల్చి చూస్తే కొంత తెలుస్తుంది. మామూలు షట్ డౌన్ ఒక్కటే ఆలస్యమైతే ఫాస్ట్ స్టార్టప్‌ను అనుమానించాలి. మా దాంట్లో మూడూ ఒకే తీరున ఆలస్యం. కంట్రోల్ ప్యానెల్లో పవర్ ఆప్షన్స్‌లోకి వెళ్లి చూస్తే, ఫాస్ట్ స్టార్టప్ ముందే ఆపేసి ఉంది. మేమెవరం ముట్టుకోలేదు. ఎవరు ఆపారు మరి? అప్పుడు దాని గురించి పెద్దగా ఆలోచించలేదు.

ఏ ప్రోగ్రామూ తెరవకుండా, సిస్టమ్ లేచిన కాసేపటికి నేరుగా షట్ డౌన్ కొట్టి చూశాను. అయినా అంతే సమయం. అంటే తెరిచి ఉంచిన వర్డ్ ఫైళ్లో బ్రౌజరో అడ్డం పడటం లేదు. వెనకాల కనిపించకుండా నడిచేదేదో ఉంది.

ఇక్కడ చాలామందికి తెలియని ఒక మంచి చోటు ఉంది. ఈవెంట్ వ్యూయర్‌లో అప్లికేషన్స్ అండ్ సర్వీసెస్ లాగ్స్, అందులో మైక్రోసాఫ్ట్, దాని కింద విండోస్, తర్వాత డయాగ్నస్టిక్స్-పర్ఫార్మెన్స్, చివర ఆపరేషనల్. దారి పొడుగే కానీ ఒకసారి వెళ్లి చూడండి. సిస్టమ్ లేవడానికి సంబంధించినవి 100తో మొదలవుతాయి, ఆరడానికి సంబంధించినవి 200తో. 200 అంటే షట్ డౌన్‌కు ఎంత సమయం పట్టిందో. 201 అయితే ఆలస్యం చేసిన ప్రోగ్రాము, 202 అయితే డివైస్, అంటే పరికరం, 203 అయితే సర్వీసు, అంటే తెర మీద కనిపించకుండా వెనకాల నడిచే ప్రోగ్రాము. ఆలస్యం మిల్లీసెకన్లలో ఉంటుంది, వెయ్యితో భాగిస్తే సెకన్లు.

మా దాంట్లో 203లు వరసగా ఉన్నాయి, అన్నింటిలోనూ ఒకే పేరు. ప్రింటర్‌తో పాటు వచ్చిన సీడీ నుంచి ఎక్కిన సాఫ్ట్‌వేర్ తాలూకు సర్వీసు. ప్రింటర్‌లో ఇంకు ఎంతుందో చూసుకోవడం, స్కానర్ బటన్ నొక్కారేమోనని కాచుకుని ఉండటం దాని పని. కంపెనీ పేరు ఎందుకు లెండి. ప్రింటర్ స్విచ్ ఆపి ఉన్నప్పుడు అది యంత్రం కోసం వెతుకుతూ, ఆపమంటే ఆగకుండా కూర్చుంటోంది. మేమేమో ప్రింట్ కాగానే ముందు ప్రింటర్ స్విచ్చే ఆపేస్తాం.

నాకు అర్థం కానిది ఇంకొకటి ఉంది. ఆగని సర్వీసు కోసం విండోస్ 10 మామూలుగా 5 సెకన్లే ఆగుతుంది, తర్వాత బలవంతంగా ఆపేస్తుంది. ఇక్కడ మాత్రం నిమిషం పాటు ఎందుకు బతిమాలుతోంది? ఆ గడువు, విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో వెయిట్‌టుకిల్‌సర్వీస్‌టైమౌట్ అనే చోట ఉంటుంది. లోకల్ మెషీన్ కింద సిస్టమ్, కరెంట్ కంట్రోల్ సెట్, కంట్రోల్. 5000 ఉండాల్సిన చోట 60000 ఉంది! అరవై సెకన్లు. ఏదైనా డేటాబేస్ లాంటిది నడిచే చోట, అది ఫైళ్లు సర్దుకోవడానికి గడువు చాలక ఇట్లా పెంచుతారు. మా నాయన అను ఫాంట్లకు డేటాబేస్ దేనికి?

అప్పుడు తట్టింది. ఈ సిస్టమ్ మేము కొత్తగా కొన్నది కాదు. మా బావ చెన్నై రిచ్చీ స్ట్రీట్‌లో సెకండ్ హ్యాండ్‌లో తీసిచ్చాడు. ఏదో ఆఫీసులో వాడి గంపగుత్తగా అమ్మేసిన లాట్‌లోది. యూజర్ అకౌంట్లు తుడిచేసి ఇచ్చారు కానీ విండోస్ కొత్తగా ఎక్కించలేదన్నమాట. సెట్టింగ్స్‌లో కొన్ని పేజీల పైన, ఇవి మీ సంస్థ అధీనంలో ఉన్నాయని ఎర్ర అక్షరాల్లో ఒక వాక్యం కనిపించేది. విండోస్ వాళ్ల వాక్యాలు సగం అట్లాగే ఉంటాయని ఇంట్లో ఎవరం పట్టించుకోలేదు. ఫాస్ట్ స్టార్టప్ ఎవరు ఆపారో కూడా దాంతో తెలిసిపోయింది. చేతులు మారినా మా కంప్యూటర్ ఇంకా పాత ఆఫీసు రూల్స్ మీదే డ్యూటీ చేస్తోంది.

ఏదీ మార్చకముందే రిజిస్ట్రీని ఎక్స్‌పోర్ట్ చేసి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకున్నాను. గడువును తిరిగి 5000 చేశాను. కొందరు దీన్ని 2000కో 1000కో దించేయమని సలహా ఇస్తుంటారు. నాకది నచ్చలేదు. సర్వీసు ఎందుకు ఆగడం లేదో అడగకుండా గొంతు పిసకడమే అది. నిజంగా ఫైలు రాస్తున్న సర్వీసు ఉంటే దాని పనీ సగంలో తెగుతుంది. దానికి బదులు ప్రింటర్ కంపెనీ సాఫ్ట్‌వేర్ మొత్తం తీసేసి డ్రైవర్ ఒక్కటే ఉంచాను. స్కానింగ్‌కు విండోస్‌లోనే ఉన్న ఫ్యాక్స్ అండ్ స్కాన్ చాలు. ఇంకు ఎంతుందో ప్రింటు వెలిసిపోయినప్పుడు తెలుస్తుంది.

ఒక నిమిషం తగ్గింది. ఇంకా నిమిషంన్నరకు పైనే మిగిలింది. ఆపరేషనల్ లాగ్‌లో కొత్తగా 203లు ఏవీ పడలేదు.

ఈసారి తెర వంక కాకుండా క్యాబినెట్ వంక చూశాను. హార్డ్ డిస్క్ లైటు రెప్ప వేయకుండా వెలుగుతోంది. ఏదో పెద్ద ఫైలు రాస్తున్నట్టు. ఆరిపోయే ముందు అంతసేపు ఏం రాస్తోంది? సిస్టమ్ లాగ్‌లో 6006 అని ఒక ఈవెంట్ ఉంటుంది, షట్ డౌన్‌లో ఈవెంట్ లాగ్ సర్వీసు ఆగినప్పుడు పడేది. దాని టైము చూశాను. చేతి గడియారంలో సిస్టమ్ నిజంగా ఆరిన టైము ముందే రాసి పెట్టుకున్నాను. రెండింటికీ మధ్య నిమిషానికి పైనే తేడా. అంటే సర్వీసుల తతంగం తొందరగానే ముగుస్తోంది. వాటి తర్వాత విండోస్ తనే ఏదో చేసుకుంటోంది. ఇక ఏ సాఫ్ట్‌వేర్‌నూ తిట్టి లాభం లేదు.

ఆఫీసు రూల్స్ సంగతి తెలిసింది కాబట్టి సెక్యూరిటీ పాలసీ తెరిచాను. విండోస్ ప్రోలో రన్ బాక్సులో సెక్‌పోల్ డాట్ ఎంఎస్‌సీ అని ఇంగ్లిష్‌లో కొడితే వస్తుంది. లోకల్ పాలసీస్, సెక్యూరిటీ ఆప్షన్స్. ఆ జాబితాలో షట్ డౌన్ పేరుతో మొదలయ్యే వరుసల్లో ఒకటి, వర్చువల్ మెమరీ పేజ్ ఫైల్‌ను తుడిచేయమనేది. ఎనేబుల్డ్.

ర్యామ్ చాలనప్పుడు విండోస్ కొంత సరుకును హార్డ్ డిస్క్ మీద పేజ్ ఫైల్ అనే చోట పడేస్తుంది. మనం తెరిచిన ఉత్తరం ముక్కో, ఏదైనా పాస్‌వర్డో అందులో మిగిలి ఉండొచ్చు. ఎవరైనా డిస్క్ ఊడదీసి వేరే మెషీన్‌కు తగిలిస్తే చదివే వీలుంది. అందుకని గుట్టు కాపాడుకోవాల్సిన ఆఫీసుల్లో, ఆరే ప్రతిసారీ ఆ ఫైలు నిండా సున్నాలు రాయిస్తారు. వాళ్లకు అది అవసరమే. మా పేజ్ ఫైల్ సైజు చూస్తే 8 జీబీ. పాత హార్డ్ డిస్క్ సెకనుకు 100 ఎంబీ చొప్పున రాస్తుందనుకున్నా నిమిషం ఇరవై సెకన్ల పని. నాయన రోజూ షట్ డౌన్ కొట్టినప్పుడల్లా 8 జీబీల సున్నాలు! అరిగిన డిస్కు చేత అంత చాకిరీ.

డిసేబుల్డ్ చేశాను. విండోస్ హోమ్ వాడేవాళ్లకు సెక్‌పోల్ ఉండదు. వాళ్లు రిజిస్ట్రీలో సెషన్ మేనేజర్ కింద మెమరీ మేనేజ్‌మెంట్‌లో క్లియర్‌పేజ్‌ఫైల్‌ఎట్‌షట్‌డౌన్ అన్న విలువ 1 ఉందేమో చూసి 0 చేసుకోవచ్చు. ఈ మార్పు తర్వాత మొదటి షట్ డౌన్ మామూలుగానే ఆలస్యమైంది, రూలు మారింది మళ్లీ లేచాకే అమలవుతుంది. ఆ తర్వాతిది ఇరవై సెకన్లలో ఆరింది. నాయన నమ్మలేదు. "కరెంటు పోయిందా?" అని ఫ్యాన్ వంక చూశాడు.

ఇంట్లో ఉన్న డిస్క్‌ను ఊడదీసుకుపోయే వాళ్లెవరూ లేరని నేను ఆ రక్షణ తీసేశాను. బంధువుల ఆధార్ నంబర్లు ఉన్నాయి కదా అని అడిగితే అది సరైన ప్రశ్నే. దానికి సున్నాలు రాయడం కన్నా బిట్‌లాకర్ మేలు. ప్రోలో ఎటూ వస్తుంది, పేజ్ ఫైల్‌తో సహా డ్రైవ్ మొత్తాన్నీ లాక్ చేస్తుంది. రికవరీ కీ మాత్రం కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకోవాలి, లేకపోతే మన ఫైళ్లు మనకే దక్కవు. అది ఎస్ఎస్‌డీ వేసినప్పుడు చేద్దామని ఆపాను.

ఎస్ఎస్‌డీ ఎటూ వేయక తప్పదు, షాపు కుర్రాడి మాట అక్కడ నిజమే. విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో మామూలు సపోర్ట్ అయిపోయింది. మా ప్రాసెసర్ విండోస్ 11 జాబితాలో లేదు. కాబట్టి ఈ సిస్టమ్‌ను ఇంకెంత కాలం నెట్‌కు తగిలించి వాడాలో తేల్చుకునే ఆ డబ్బు పెట్టాలి. ఈలోపు యూపీఎస్‌కు కొత్త బ్యాటరీ తెచ్చాను. 12 వోల్టుల, 7 ఏహెచ్‌ది. షట్ డౌన్ ఇరవై సెకన్లకు దిగింది కదా, బ్యాటరీ ఎందుకు దండగ అంది మా ఆవిడ. టికెట్లు విడుదలైన రోజు బుకింగ్ సగంలో ఉండగా కరెంటు పోతే, ఆఫ్ చెయ్యడానికి కాదు, ఆన్‌లో ఉంచడానికి కావాలి అది.