ఈమ్యాక్స్ సంగతులు ఈమ్యాక్స్‌నే అడగండి

ఈమ్యాక్స్ అనే టెక్స్ట్ ఎడిటర్ నేర్చుకుందామని కూర్చున్న చాలామంది ముందుగా చేసేది ఎవరిదో కాన్ఫిగరేషన్ ఫైలు, అంటే సెట్టింగులు రాసి ఉంచే ఫైలు, వెతికి దించుకోవడం. దయచేసి ఆ పని చేయకండి. ఎక్కడో కూర్చుని రోజంతా పైథాన్ రాసుకునే ఒకాయన తన అవసరాలకు రాసుకున్న వెయ్యి లైన్లు, తెలుగులో రాసుకునే మీకు, తోట లెక్కలు చూసుకునే నాకు ఎందుకు? ఖాళీ ఎడిటర్‌తోనే మొదలుపెట్టండి. ఏదైనా చికాకు పెట్టినప్పుడు దానికోసం ఒక్క లైను రాయండి, ఆ లైను ఎందుకు రాశారో పైన సెమీకోలన్లు పెట్టి (వాటి తర్వాత రాసింది ఎడిటర్ పట్టించుకోదు) తెలుగులోనే ఒక ముక్క రాసుకోండి. నా ఫైలు ఇప్పటికీ ఒక స్క్రీన్ దాటలేదు, అందులో నాకు అర్థం కాని లైను ఒక్కటీ లేదు.

దీని చరిత్ర కొంచెం తెలిస్తే మంచిది. 1976లో ఎంఐటీ ఏఐ ల్యాబ్‌లో టెకో అనే ఎడిటర్ మీద రాసిన మాక్రోల, అంటే చిన్న చిన్న ఆదేశాల, కట్టగా ఇది పుట్టింది. రిచర్డ్ స్టాల్‌మన్, గై స్టీల్ దాని మీద పనిచేశారు. ఇప్పుడు మనం వాడే గ్నూ ఈమ్యాక్స్‌ను స్టాల్‌మన్ 1984లో మొదలుపెట్టాడు, 1985లో జనంలోకి వచ్చింది. అడుగున కొంత భాగం సి భాషలో ఉన్నా, పైన కనిపించేదంతా దాదాపు ఈమ్యాక్స్ లిస్ప్ అనే దాని సొంత ప్రోగ్రామింగ్ భాషలో రాసిందే. అంటే మీరు నొక్కే ప్రతి కీ వెనక ఒక ఫంక్షన్, అంటే ఒక పని చేసే కోడ్ ముక్క, ఉంటుంది. కంట్రోల్ ఎన్ నొక్కితే కర్సర్ కింది లైనుకు పోతుంది, అది నెక్స్ట్ లైన్ అనే ఫంక్షన్. మామూలు అక్షరం నొక్కితే ఆ అక్షరం పడుతుంది కదా, అది కూడా సెల్ఫ్ ఇన్సర్ట్ కమాండ్ అనే ఫంక్షన్ చేసే పనే! ఈ ఒక్క విషయం బుర్రకెక్కితే మిగతాదంతా తేలికవుతుంది.

ఎందుకంటే ఆ ఫంక్షన్ ఏంటో దాన్నే అడగొచ్చు. కంట్రోల్ హెచ్, తర్వాత కె, తర్వాత మీకు తెలియని కీ ఏదైనా నొక్కండి. దాని వెనక ఏ ఫంక్షన్ ఉందో, అది ఏం చేస్తుందో వివరంగా వస్తుంది, సోర్స్ ఫైళ్ళు కూడా ఇన్‌స్టాల్ అయి ఉంటే అక్కడి లింకు మీద ఎంటర్ కొట్టగానే అసలు కోడే తెరుచుకుంటుంది. కె బదులు వి నొక్కితే సెట్టింగుల గురించి చెబుతుంది. పేరు సగమే గుర్తుంటే కె బదులు ఏ (a) నొక్కి ఆ సగం రాయండి. ఎక్కడైనా ఇరుక్కుంటే కంట్రోల్ జి, రెండుమూడుసార్లు కొట్టినా నష్టం లేదు. ఇంత ఓపికగా తన గురించి తాను చెప్పే సాఫ్ట్‌వేర్ నేను ఇంకోటి చూడలేదు. కీల విషయంలో నా సలహా ఒకటే, క్యాప్స్ లాక్‌ను కంట్రోల్‌గా మార్చుకోండి, చిటికెన వేలు బతుకుతుంది.

నాకు ఇది నిజంగా పనికొచ్చింది తోట లెక్కల దగ్గర. గుర్రంపోడు దగ్గర మాకు బత్తాయి తోట ఉంది. కాయ దిగేటప్పుడు వ్యాపారి తోటకే వస్తాడు, కాటా వేస్తాడు, వచ్చిన బరువులోంచి తరుగు కోసేస్తాడు, మిగిలినదానికి టన్ను రేటు కడతాడు. మా నాయన ఇవన్నీ చీటీల మీద, క్యాలెండర్ కాగితాల వెనక రాసి పెట్టేవాడు. వాటిని ఆర్గ్ మోడ్‌లోకి ఎక్కించాను. ఆర్గ్ మోడ్ అంటే ఈమ్యాక్స్‌లో నోట్సు, పట్టికలు రాసుకునే ఏర్పాటు, కార్స్టెన్ డొమినిక్ అనే ఖగోళ శాస్త్రవేత్త తన నోట్సు కోసం 2003లో మొదలుపెట్టింది, 2007 నుంచి ఈమ్యాక్స్‌తోనే వస్తోంది, విడిగా వేసుకోనక్కర్లేదు.

అందులో పట్టిక అంటే మామూలు టెక్స్టే. నిలువు గీత కొట్టి తేదీ, ఇంకో గీత కొట్టి వ్యాపారి, అట్లా బరువు, తరుగు, రేటు అని రాసుకుంటూ పోయి ట్యాబ్ నొక్కితే గడులు వాటంతట అవే సర్దుకుంటాయి. పట్టిక కింద ఒక లైనులో ఫార్ములా రాయాలి. ఆరో గడికి నేను రాసింది ఇది: మూడో గడిలోంచి నాలుగోది తీసేసి, ఐదో దానితో గుణించి, 1000తో భాగించడం. 2,400 కిలోల బండి, 240 కిలోల తరుగు, టన్ను 20,000 రూపాయలు అనుకుంటే 43,200 వస్తుంది. అంకెల మధ్య కామాలు మాత్రం పెట్టకండి. ఇంకో ముఖ్యమైన సంగతి, దీని లోపల లెక్క చేసే కాల్క్‌లో గుణకారం భాగహారం కన్నా ముందు జరుగుతుంది. కాబట్టి ముందు 1000తో భాగించి తర్వాత రేటుతో గుణించేలా రాస్తే, అది 1000నీ రేటునీ ముందే గుణించేసి ఆ మొత్తంతో భాగిస్తుంది, సమాధానం ఎక్కడో సున్నా పాయింట్లలో తేలుతుంది. నేను చెప్పిన వరుసలో రాయండి, లేదా బ్రాకెట్లు పెట్టండి.

ఏడో గడి మాత్రం నా సొంత ఆలోచన. తరుగును రేటుతో గుణించి 1000తో భాగించడం, అంతే. పైన చెప్పిన బండికి అది 4,800 రూపాయలు. కింద సీజను మొత్తానికి కూడిక పెట్టాను. నాయన పక్కన కూర్చుని చూస్తూ, "గా చివరి గడి ఏందిరా?" అన్నాడు. తరుగు కింద పోయిన పైసలు నాయనా అన్నాను. కింద ఉన్న మొత్తాన్ని వేలు పెట్టి చదివి, "గిది కాయితం మీద తీసియ్యి, ఈసారి బేరమాడేటప్పుడు చేతుల ఉండాలె" అన్నాడు. ఈ పని ఎక్సెల్‌లో కాదా అంటే అవుతుంది. కానీ నాకు అదే ఫైల్లో పట్టిక పైన మందు కొట్టిన తేదీలు, బోరు రిపేరు సంగతి, ఎవరికి ఎంత ఇవ్వాలి అన్నీ మామూలు వాక్యాల్లో ఉన్నాయి, ఆ ఫైలు ఏ కంప్యూటర్లో తెరిచినా నోట్‌ప్యాడ్‌లో కూడా చదవొచ్చు. పదేళ్ళ తర్వాత కూడా చదవగలగాలన్నదే నా పట్టుదల.

తెలుగు విషయానికొస్తే, చాలామందికి దీంట్లో తెలుగు రాయొచ్చని తెలియదు. కంట్రోల్ హెచ్ కొట్టి, కంట్రోల్ వదిలేసి ఒట్టి హెచ్ కొట్టండి, లోకంలోని ఎన్నో భాషలు పలకరిస్తాయి, కిందికి వెతుక్కుంటూ పోతే మన నమస్కారం కూడా ఉంటుంది. రాయడానికి వేరే కీబోర్డ్ ప్రోగ్రామ్ అక్కర్లేదు. కంట్రోల్‌తో వెనక్కి వాలిన గీత నొక్కితే ఏ పద్ధతి కావాలని అడుగుతుంది, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే తెలుగు ఐట్రాన్స్ ఉంది, తెలుగు కీబోర్డు అమరికతో రాసే తెలుగు ఇన్‌స్క్రిప్ట్ ఉంది. మళ్ళీ అదే నొక్కితే ఇంగ్లీషు. 2020లో వచ్చిన 27వ వెర్షన్ నుంచి అక్షరాలను హార్ఫ్‌బజ్ అనే సాఫ్ట్‌వేర్ పేరుస్తోంది కాబట్టి ఒత్తులు చక్కగా కూర్చుంటాయి, పాత వెర్షన్ ఉంటే మార్చుకోండి. ఫాంటుకు సెట్ ఫాంట్‌సెట్ ఫాంట్ అనే ఒక లైను చాలు. నేను మండలి అనే ఫాంటు పెట్టుకున్నాను. మన పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి పేరు మీద సురవరం అనే ఫాంటు కూడా ఉంది, చూస్తే సంతోషంగా ఉంటుంది, కానీ అది శీర్షికలకు పనికొచ్చేంత లావు, రోజంతా చదవడానికి కాదు.

ఒకటి చేసి చూడండి. లక్ష్మి అని రాసి, కర్సర్‌ను క్ష్మి మొదట్లో పెట్టి డిలీట్ కొట్టండి, 29వ వెర్షన్ లేదా ఆ తర్వాతది అయితే క్ష్మి మొత్తం ఒకేసారి పోతుంది. మళ్ళీ రాసి ఈసారి చివర నుంచి బ్యాక్‌స్పేస్ కొట్టండి, ముందు గుడి పోతుంది, తర్వాత మ, తర్వాత పొల్లు, అట్లా ఒక్కొక్కటే. ఒత్తు తప్పు పడితే మాట మొత్తం చెరపకుండా చివరి ముక్కే దిద్దుకోవచ్చు. క మీద కర్సర్ పెట్టి కంట్రోల్ ఎక్స్, ఈక్వల్ నొక్కితే 3093 అని దాని యూనికోడ్ నంబరు చూపిస్తుంది. పాత డీటీపీ ఫాంట్లలో రాసిన ఫైళ్ళు ఇంకో చోట తెరిస్తే పిచ్చి గీతలైపోవడం చూసినవాళ్ళకు ఈ నంబరు విలువ తెలుస్తుంది. ఇబ్బంది ఉన్నది పట్టికల్లోనే, తెలుగు అక్షరాల వెడల్పు ఒక్క తీరుగా ఉండదు కాబట్టి గీతలు వంకరపోతాయి. దానికి వీఅలైన్ అనే ప్యాకేజీ వేశాను, గీతలు నిటారుగా నిలబడ్డాయి.

కరెంటు గురించి కూడా చెప్పాలి, నాది డెస్క్‌టాప్, కరెంటు పోతే ఆగిపోతుంది. ప్రతి 300 కీలకు ఒకసారి, లేదా 30 సెకన్లు చేయి ఆపితే, ఈమ్యాక్స్ తనంతట తనే వేరే ఫైల్లో దాచుకుంటుంది. కరెంటు వచ్చాక ఆల్ట్ ఎక్స్ నొక్కి రికవర్ సెషన్ అని రాస్తే ఎక్కడ ఆగిందో అక్కడికి దాదాపు తెచ్చి ఇస్తుంది.

ఇక మొదటిరోజు చేయాల్సింది కంట్రోల్ హెచ్, తర్వాత టి. అది ఎడిటర్ లోపలే ఉన్న పాఠం, చదువుతూ అక్కడికక్కడే చేసి చూసుకోవచ్చు, చక్కటి పాఠం. జపనీస్, థాయ్, కొరియన్, ఇంకా చాలా భాషల్లో ఉంది. తెలుగులో లేదు. నేను మొదలుపెట్టాను, స్క్రీన్ జరపడం, కర్సర్ కదపడం వరకు అయింది, ఇప్పుడు చెరిపేయడం, మళ్ళీ తెచ్చుకోవడం అనే భాగంలో ఉన్నాను. చదివి తప్పులు చూపించేవాళ్ళు కావాలి, ముఖ్యంగా ఇంతవరకు ఈమ్యాక్స్ ముట్టుకోనివాళ్ళు. అర్థం కాని వాక్యం ఎక్కడుందో వాళ్ళే చెప్పగలరు.