రాత్రి మాత్ర

భయం కొంచెం తగ్గింది, అందుకే ఇప్పుడు రాస్తున్నా.

మొదటిసారి నొప్పి వస్తే గ్యాస్ అనుకొని సోడా తాగినా. తెల్లారేసరికి ఆదోని నుంచి కర్నూలు, అక్కడొక ప్రైవేటు ఆసుపత్రి, గుండెలో స్టెంటు (రక్తనాళం మూసుకోకుండా పెట్టే సన్న జాలీ గొట్టం). అన్నీ గబగబా జరిగిపోయినాయి. తెల్లకార్డు ఉంది, 2007లో రాజశేఖరరెడ్డి పెట్టిన ఆరోగ్యశ్రీ ఉంది (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు). నా చేతి నుంచి పైసా పోలేదు. 2017 ఫిబ్రవరిలో కేంద్రం ధర తగ్గించక ముందు మందు పూసిన స్టెంటు ఒక్కటే లక్ష దాటేదంట, పక్క బెడ్డాయన చెప్పినాడు. పత్తి మండీలో గుమాస్తాను, జీతం 14 వేలు. మనసులోనే దండం పెట్టుకున్నా.

నెల తర్వాత చెకప్‌కు పోయినా. మందుల కౌంటర్లో కుర్రోడు నా కాగితం చూసి పక్కోనితో అన్నాడు: "స్టెంటు ఫ్రీగా ఏపిచ్చుకుంటారు, మళ్లీ మాత్రలు గూడా ఫ్రీగా కావాలంట!" ఇద్దరూ నవ్వినారు. నా వెనక లైన్లో పదిమంది. ఇంకో మాట అడగకుండా కాగితం మడిచి జేబులో పెట్టుకొని వచ్చేసినా. బయట అంగడిలో కొంటే నెలకు 2,300 అయింది.

రెండు నెలలు ఎట్లనో కొన్నా. మూడో నెల పాప కాలేజీ ఫీజు కట్టాల్సి వచ్చింది. మాత్రల్లో రక్తం గడ్డకట్టకుండా వాడే టికాగ్రెలార్ అన్నిటికన్నా పిరం, రెండు పూటలా అని రాసినారు. నేను రాత్రిది మానేసినా. ఇంట్లో తెలియకుండా ఆ మాత్రలను గోడమీది క్యాలెండర్ వెనక దాచినా. ఒంట్లో ఏం తేడా రాలేదు. నా తెలివికి నేనే మురిసిపోయినా!

నెల దాటినాక ఒక రాత్రి రెండు గంటలప్పుడు ఎదమీద రుబ్బురోలు పెట్టినట్లయి లేచినా. చెమటకు దిండు తడిసిపోయింది. 108 వచ్చేలోపల మా ఆడమనిషి నా చొక్కా కోసం తడుముతుంటే క్యాలెండర్ ఊడి కిందపడింది, మాత్రలు నేలంతా దొర్లినాయి. అప్పుడేమీ అనలేదు. ఏరుకొని కొంగున ముడేసుకుంది. ఎమ్మిగనూరు దాటినాక, బండి స్పీడ్‌బ్రేకర్ ఎక్కినప్పుడల్లా నేను మూలుగుతుంటే, చెవి దగ్గరికొచ్చి అడిగింది: "ఎన్నాళ్ల నుంచి?" జవాబు చెప్పలేకపోయినా. ఉరుకుంద ఈరన్నకు మొక్కుకుంటా, మధ్యలో నన్ను తిడతా కోడుమూరు దాకా వచ్చింది. నాకు నొప్పి కన్నా ఆ ముడే ఎక్కువ కనపడింది.

పెద్దాసుపత్రిలో ఆ ముడి విప్పి డ్యూటీ డాక్టరమ్మ ముందర పెట్టింది. ఆ పిల్లకు మా పెద్దమ్మాయి వయసుంటుంది. "నాయనా, ఈ మాత్ర బలం రోజంతా నిలబడదు. అందుకే రెండు పూటలు. ఒక పూట మానేస్తే స్టెంటులో రక్తం గడ్డకట్టొచ్చు" అనింది. కసరలేదు. కసరుంటే బాగుండు అనిపించింది. దేవుని దయ, స్టెంటు మూసుకోలేదు. నాలుగు రోజులకు ఇంటికొచ్చినా.

డిశ్చార్జి రోజు ఆరోగ్యమిత్ర (ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ రోగులకు సాయం చేసే మనిషి) చెప్పిన మాట విన్నాక మాత్రం ఒళ్లు మండింది. స్టెంటు వేసినోళ్లకు ఏడాదిపాటు మందులు, చెకప్‌లు ఫాలో-అప్ ప్యాకేజీలోనే ఉన్నాయంట. దానికి ఆసుపత్రికి సర్కారు డబ్బు కడుతుంది. నేను అడిగింది బిచ్చం కాదు! ఇట్లాంటిది మీకెదురైతే తలొంచుకొని రావద్దండి, ఆరోగ్యశ్రీ హెల్ప్‌లైన్ 104కు ఫోన్ చేయండి. ఏడాది తర్వాత నాకు ఖర్చు తక్కువయ్యే మాత్ర మార్చి రాసినారు, జనఔషధి అంగడిలో కొంటున్నా. నెలకు ఐదొందలు దాటడం లేదు. మీ అంతట మీరు మాత్ర మార్చుకోవద్దు, మానుకోవద్దు.

డిశ్చార్జి అయినాక ఆ ప్రైవేటు ఆసుపత్రికి మళ్లీ పోయినా. అదే కౌంటర్, అదే కుర్రోడు. ప్యాకేజీ కాగితం ముందర పెడితే మాట్లాడకుండా మాత్రలు ఇచ్చినాడు. నన్ను గుర్తుపట్టలేదు. నేను మాత్రం వాని బ్యాడ్జి మీద పేరు చదివి పెట్టుకున్నా.