శెనక్కాయ బాకీలు, పదిహేనేళ్ల లెక్క

2019 అక్టోబరు 31న డిశ్చార్జి బుక్కు చేతికిచ్చి పంపించేసినారు. ఇరవై నాలుగేళ్ల సర్వీసు, హవల్దారు ర్యాంకు, సైన్యంలో బండ్లు, ఆయుధాలు బాగుచేసే ఈఎంఈ విభాగంలో వెహికల్ మెకానిక్ ట్రేడు. అప్పటికి నాకు 43. గుంతకల్లులో రైలు దిగేసరికి మా బామ్మర్ది జీపు తెచ్చి నిలబడి ఉన్నాడు. నా ట్రంకుపెట్టె ఎత్తుతూ అడిగిన మొదటి మాట, "బావా, మొత్తం ఎంత వచ్చింది?" రెండో మాట, "సీసాలు ఎన్ని తెచ్చినావు?"

అతన్ని తప్పు పట్టను. మా అనంతపురం వైపు మిలిటరీ నుంచి దిగినోడంటే ఊరంతా ఒక రెండేళ్లు పండగే. ఆ రెండేళ్లలో డబ్బు ప్లాట్లలోకో, వడ్డీలకో, పెళ్లిళ్లలోకో పోతుంది. ఆ తర్వాత ఆ మనిషి బెంగళూరులో ఏదో అపార్టుమెంటు గేటు దగ్గర నీలం చొక్కా వేసుకుని కనబడతాడు. నాకంటే ముందు దిగినవాళ్లలో నలుగురిని అట్లా చూసినా. నలుగురూ నాకంటే తెలివైనవాళ్లే.

అసలు సంగతి ఏందంటే, సైన్యంలో ఉన్నన్నాళ్లూ నా బతుకు గురించి నేను ఆలోచించిందేమీ లేదు. సికింద్రాబాదులోని రికార్డ్స్ ఆఫీసు ఆలోచించేది, నేను ట్రంకు సర్దుకునేవాణ్ణి. రెండేళ్లు లేహ్, మూడేళ్లు అంబాలా, తర్వాత జోధ్‌పూర్. ఎంత దూరం చూసినా తర్వాతి పోస్టింగు వరకే. ఆఖరి ఏడాదిలో రీసెటిల్‌మెంట్ కోర్సుకు పంపిస్తే అక్కడ కూడా వ్యాపారం పెట్టడం ఎట్లా అని చెప్పినారే గానీ, పెట్టినాక పదో ఏట నేను ఎక్కడుండాలని ఎవరూ అడగలేదు.

అడిగింది పెన్షన్ కాగితం. వినడానికి వింతగానే ఉంటుంది, కాబట్టి ఆ లెక్క కొంచెం వివరంగా చెప్తాను.

జవాన్లకు పెన్షన్‌లో సగం వరకు అమ్ముకునే వీలుంది, దాన్నే కమ్యుటేషన్ అంటారు. రౌండు లెక్కలో నా మూల పెన్షన్ 24 వేలు అనుకోండి. 12 వేలు వదులుకుంటే, నా వయసుకు సుమారు తొమ్మిదేళ్ల మొత్తం ఒకేసారి చేతికిస్తారు. అంటే దాదాపు 13 లక్షలు. బదులుగా నెలనెలా 12 వేలు కోస్తారు. పదిహేనేళ్లు కోశాక పూర్తి పెన్షన్ మళ్లీ మొదలవుతుంది. 180 నెలలకు 21 లక్షల 60 వేలు. కరువు భత్యం మాత్రం పూర్తి 24 వేల మీదే వస్తుంది, అది కోయరు. యూనిట్‌లో అందరూ కళ్లు మూసుకుని సగానికి సంతకం పెట్టేవాళ్లే, నేనూ పెట్టినా. పెట్టినాక రాత్రి బారక్‌లో కూర్చుని చూస్తే తెలిసొచ్చింది, అది బహుమతి కాదు, నా పెన్షనే నాకిచ్చిన అప్పు. తీరేది 2034లో. అప్పటికి నాకు 58.

58 ఏళ్లకు నేను ట్రాక్టరు కింద పడుకుని స్పానర్ తిప్పగలనా? ఆ ప్రశ్న పుట్టినాక ఏ వ్యాపారం పెట్టాలనే ప్రశ్న చిన్నదైపోయింది.

రెండు వందల పేజీల నోటుబుక్కు కొని, ఏడాదికొక పేజీ చొప్పున 2019 నుంచి 2034 దాకా రాసుకున్నా. పేజీ పైన నా వయసు, పక్కన మా పాప వయసు, కింద మా నాయన వయసు. పాప ఇంజనీరింగు ఏ పేజీలో వస్తుందో, నాయనకు ఆసుపత్రి ఖర్చులు ఏ పేజీ నుంచి పెరుగుతాయో అట్లా కనబడుతుంది. మొదటి అయిదేళ్లు నా చేతులతో పని. తర్వాతి అయిదేళ్లు ఇద్దరు కుర్రాళ్ల చేతులతో పని, నా కన్ను. ఆఖరి అయిదేళ్లు కౌంటరు, స్పేరు పార్టులు. ఈ ప్లానును దాటి ఏమీ చేయకూడదని కాదు. ఎవరైనా వచ్చి "జేసీబీ కొందాం, చెరి సగం" అంటే ఏ పేజీలో రాయాలో చూసుకునేవాణ్ణి. ఏ పేజీలోనూ పట్టకపోతే, వద్దనడానికి కారణం వెతుక్కోవాల్సిన పని ఉండేది కాదు.

డబ్బు మొత్తం ఏడాది పాటు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేసినా. బామ్మర్ది ఆరు నెలలు మాట్లాడలేదు.

ఇక పని. ఈఎంఈలో స్టాలియన్ లారీ ఇంజన్ కళ్లకు గంతలు కట్టినా విప్పి బిగించేవాణ్ణి. ట్రాక్టరు ఎంత లెమ్మనుకున్నా. అయినా మా ఇంట్లో ఆమె అన్నమాట, "ముందు ఎక్కడన్నా కూలికి చెయ్యి, నీకు ఊరు మర్చిపోయింది" అని. ఆమె ఇరవై ఏళ్లు ఒంటరిగా సంసారం ఈదిన మనిషి, ఆమె మాటకు ఎదురు చెప్పే ర్యాంకు నాకు లేదు. అనంతపురం బైపాస్ దగ్గర ఒక ట్రాక్టర్ మెకానిక్ షాపులో రోజు కూలికి చేరినా. మేస్త్రీ వయసు 29. నన్ను "సార్" అనడం మానేసి "అన్నా" అనడానికి వారం పట్టింది.

చేరిన మూడో రోజో, నాలుగో రోజో ఒక పెద్దాయన ట్రాక్టరు తోలుకొచ్చినాడు. వెనకాల మడకలు, అంటే నాగళ్లు, పైకి లేయడం లేదు, లేచినా నిలబడక దిగిపోతున్నాయి. నేను వెంటనే లిఫ్ట్ కవరు విప్పడానికి పానాలు తీసుకున్నా, ఆర్మీలో అయితే విప్పి, పార్టు రాసి, ఇండెంటు పెట్టేదే పద్ధతి. మేస్త్రీ నా చెయ్యి పట్టుకున్నాడు. లిఫ్ట్ నూనె చూసే డిప్‌స్టిక్ లాగి వేలితో తడిమి నాకు చూపించినాడు. నూనె మజ్జిగలాగా తెల్లగా ఉంది. "మొన్న మడుగులో దిగబడిందా తాతా?" అని అడిగితే ఆయన ఊ అన్నాడు. నీళ్లు పోయి నూనెలో కలిసినాయి. నూనె దించి, జాలీ ఫిల్టరు డీజిల్లో కడిగి, కొత్త నూనె పోస్తే మడకలు లేచినాయి. విప్పి ఉంటే రెండు రోజుల పని, ఆయనకు రెండు రోజుల అదను పోయేది.

అదంతా ఒక ఎత్తు, తర్వాత జరిగింది ఒక ఎత్తు. కూలి ఎంతని ఆయన అడగలేదు, మేస్త్రీ చెప్పలేదు. గోడకు వేలాడే పుస్తకం తీసి పేరు రాసి, అంకె రాసి, పక్కన "శెనక్కాయ" అని రాసినాడు. అంటే పంట అమ్మినాక ఇస్తాడని. ఆ పుస్తకం తిరగేసి చూసినా. సగం పేర్ల పక్కన శెనక్కాయ, కొన్నిటి పక్కన చీనీ, అంటే బత్తాయి, రెండిటి పక్కన "కూతురి పెళ్లి అయినాక". మా జిల్లాలో శెనక్కాయ జూన్, జులైలో వేస్తే డబ్బు కనబడేది నవంబరు తర్వాతే, అదీ వాన సరిగ్గా పడితే. అంటే షాపు పెట్టేవాడికి పనిముట్ల డబ్బు కాదు, ఆరు నెలలు బాకీలు మోసే డబ్బు కావాల. ఈ ముక్క ఏ కోర్సులోనూ చెప్పలేదు.

అక్కడ ఎనిమిది నెలలు చేసినా. మధ్యలో లాక్‌డౌన్ వచ్చింది. మొదటి వారం మూసేసినాము, తర్వాత వ్యవసాయ యంత్రాల రిపేర్లకు, స్పేరు పార్టుల షాపులకు మినహాయింపు ఇచ్చినారు. ఊరంతా బంద్, మా దగ్గర మాత్రం ట్రాక్టర్ల వరుస. నోటుబుక్కులో 2020 పేజీలో ఆ రోజు ఏమీ రాయలేదు గానీ, నేలకు కట్టుబడిన పని ఎంచుకున్నందుకు కొంచెం ధైర్యం వచ్చింది.

తర్వాత అప్పు కాగితాలు. ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం, అందరూ పీఎంఈజీపీ అంటారు. మాజీ సైనికులు అందులో ప్రత్యేక కేటగిరీ. సొంత వాటా 5 శాతం చాలు, సబ్సిడీ పట్టణంలో 25 శాతం, పల్లెలో 35. అందుకే టౌను వదిలి కళ్యాణదుర్గం రోడ్డులో మా పల్లె దగ్గరే స్థలం చూసుకున్నా. సర్వీసు యూనిట్లకు అప్పట్లో గరిష్ఠం 10 లక్షలు, 2022లో దాన్ని 20 లక్షలు చేసినారు. సబ్సిడీ చేతికి రాదు, మన పేరున మూడేళ్లు బ్యాంకులోనే డిపాజిట్‌గా ఉంటుంది, షాపు నడుస్తున్నట్టు చూసి ఆ తర్వాత అప్పులో సర్దుతారు. ఇది తెలియక "సబ్సిడీ ఇప్పిస్తా" అనే మధ్యవర్తులకు డబ్బు పోసేవాళ్లు ఉన్నారు. చిన్న వ్యాపారాలకు చేయించుకునే ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కు నన్ను ఒకతను రెండు వేలు అడిగినాడు, అది ఆధార్‌తో ఉచితంగా అయ్యే పని, మా పాప ఫోన్లో చేసిపెట్టింది.

బ్యాంకు దగ్గర మూడు నెలలు తిరిగినా. ఏ బ్యాంకో చెప్పను. మేనేజరు ఇల్లు తనఖా పెట్టమన్నాడు. సూక్ష్మ, చిన్న యూనిట్లకు 10 లక్షల లోపు అప్పుకు తనఖా అడగకూడదని అప్పటికే రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. అదే మాట కాగితం మీద రాసి, తనఖా ఎందుకు కావాలో నాకు రాతపూర్వకంగా ఇవ్వండని అడిగినా. కోపంగా కాదు, వినయంగానే. ఇరవై నాలుగేళ్లు సాబ్‌లతో బతికినోడికి కాగితం విలువ తెలుసు. రెండు వారాల్లో శాంక్షన్ వచ్చింది. పది రోజుల శిక్షణ, సర్టిఫికెట్, 2021లో షెడ్డు.

తప్పు చేయలేదని కాదు. ఆర్మీ వర్క్‌షాపులో ప్రతి పార్టుకూ ఇన్ని ఉండాలని స్కేలు ఉంటుంది. ఆ అలవాటులో మొదటి నెలలోనే లక్షా ఎనభై వేల స్పేర్లు తెచ్చి అరల్లో పేర్చినా, పైన పెయింటుతో నంబర్లు కూడా. అందులో డెబ్బై వేల సరుకు ఇంకా అక్కడే నిద్రపోతోంది. మా పల్లెల్లో ఆ మోడల్ ట్రాక్టర్లు మూడే ఉన్నాయని తర్వాత లెక్కపెట్టుకున్నా. ఎదురుగా అనంతపురం బస్సు ఎక్కితే గంటలో దొరికే సామాను అది.

బాకీలకు మాత్రం ముందే కట్ట వేసినా. పెన్షన్ ఖాతా వేరు, అది ఇంట్లో ఆమె చేతిలో, ఇంటి రేషన్. షాపు ఖాతా వేరు. పుస్తకంలో శెనక్కాయ అని రాసిన మొత్తం రెండు లక్షలు దాటితే కొత్త బాకీ పెట్టను, స్పేర్ల డబ్బు మాత్రం ఎవరైనా నగదే ఇవ్వాల, కూలి ఒక్కటే బాకీ. మొదట్లో తిట్టినారు. "మిలిటరీ రూల్సు మా దగ్గర పెడతావా" అని ఒక అన్న పక్క ఊరికి పోయినాడు, రెండు నెలలకు మళ్లీ వచ్చినాడు. పోయిన ఏడాది ఒకాయన బాకీ కింద బస్తా శెనక్కాయలు దించిపోతే, ఇంట్లో ఆమె తూకం వేసి, ఆ రోజు మార్కెట్ రేటు కట్టి, మిగిలిన 340 రూపాయలు ఆయనకు తిరిగి పంపించింది. ఆ తర్వాత నుంచి జనం నాకంటే ఆమె పుస్తకాన్నే ఎక్కువ నమ్ముతున్నారు.

ఇప్పుడు రెండో అయిదేళ్లలో ఉన్నా. ఇద్దరు కుర్రాళ్లు ఉన్నారు. అందులో ఒకడికి 19 ఏళ్లు, వాడి చెయ్యి బంగారం. పోయిన నెల నా దగ్గరికి వచ్చి అగ్నివీర్‌కు పోతానన్నాడు. నాలుగేళ్ల సర్వీసు, నూటికి పాతికమంది వరకే రెగ్యులర్‌గా ఉంచుకుంటారు, మిగిలినవాళ్లు సేవానిధి కింద 11 లక్షల 71 వేల చిల్లరతో ఇంటికి. పెన్షన్ లేదు. నాకు 43లో వచ్చిన ప్రశ్న వీడికి 23కే వస్తుంది, అదీ కింద పెన్షన్ అనే నేల లేకుండా. వద్దనలేకపోయినా. నేను వద్దంటే ఎట్లా వింటాడు, షాపు గోడ మీద నా యూనిఫాం ఫోటో పెట్టుకుని?

ఒక కొత్త నోటుబుక్కు కొనిచ్చి, ఏడాదికొక పేజీ రాయమన్నా. హైడ్రాలిక్స్, అంటే నూనె ఒత్తిడితో నడిచే లిఫ్ట్ పని, మొత్తం నేర్చుకున్నాకే పోవాలని షరతు పెట్టినా. రోజూ తెల్లారక ముందే కాలేజీ గ్రౌండుకు పోయి 1.6 కిలోమీటర్లు పరిగెత్తుతున్నాడు, పూర్తి మార్కులకు అయిదున్నర నిమిషాల్లోపు రావాల, ఇంకా పద్దెనిమిది సెకన్లు ఎక్కువే పడుతోంది. ఎన్ని సెకన్లు పట్టినా తొమ్మిదికల్లా షట్టరు తీయాల్సింది మాత్రం వాడే.